జాడీ అడుగు

మూడు నెలల భోజనం బాకీ కింద
సాంబలింగం సారు మా నాన్నకి
ఒక ట్రంకు పెట్టె ఒప్పజెప్పాడు.

గవర్నర్‌పేటలో మాది మెస్సు.
ఆ ఏడు మునేరు దాటి వచ్చినవాళ్లతో
బెజవాడ స్టేషను నుంచి కాలవగట్టు దాకా
ఎక్కడ చూసినా మూటలే.
మూటల్లో బియ్యం, దుప్పట్లు, ఒకామె చంకలో కోడి.
ఈయన పెట్టెలో
నల్లటి కాగితాలు.

తాళం తీసి చూపించాడొకసారి.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
"గివి కాయితాలు గావు బిడ్డా, రాళ్లు" అన్నాడు.
తడికాగితం రాతికి అంటించి
బ్రష్షుతో కొట్టి కొట్టి
ఆరీ ఆరకముందే మసి అద్దితే
ఎనిమిది వందల ఏళ్ల కిందటి చెయ్యి
తెల్లగా బయటికొస్తుందట.
నాకు మాత్రం అమావాస్య మీద
ఎవరో ముగ్గుపిండి ఒలకబోసినట్టుంది.

ఒక రాయి చెప్పిందట,
చెరువు కింద పన్నెండు మర్తురుల నేల
ఆ చెరువు తవ్విన ఒడ్డెలదని.
ఆయన చేసిందల్లా
అది ఊళ్లో పైకి చదవడం.
దొర మనుషులు సమ్మెటలతో
ముందు రాతి దగ్గరికి వెళ్లారు,
తర్వాత ఈయన ఇంటికి.
రాతికి కాళ్లు లేవు.

మా పచ్చడిని తొక్కు అంటాడని
మెస్సంతా నవ్వేది.
"మీ తొక్కు మస్తుగున్నది" అని
కళ్లు తుడుచుకుంటూ తినేవాడు,
కారానికో, దేనికో.
పొద్దున్నే పెట్టె భుజాన పెట్టుకుని
గ్రంథాలయాల మెట్లెక్కేవాడు.
"నైజాం రాళ్లు మాకెందుకండీ"
అని పంపేసేవారు, మంచినీళ్లిచ్చి మరీ.
మధ్యాహ్నాలు, కొండ కుంపటిలా కాగుతుంటే,
నాకు పాత అక్షరాలు నేర్పేవాడు.
ఇరవై దాకా వచ్చాయి.

సైన్యం అటు వెళ్లిన నెలకి
ఆయనా వెళ్లాడు.
"బాకీ తీర్చి పట్కపోత. తడి తగలనియ్యకు బిడ్డా."
మునేరు దాటాడని తెలుసు.
ఆపైన తెలీదు.

రెండో వేసవికి ఆవకాయ పెట్టారు.
అలమర అరల్లో పరవడానికి
మందపాటి కాగితం కావాలంది అమ్మ.
కత్తెర నాదే.
పై నాలుగూ తీశాను, అంతే,
మిగతావి తాళం వేసి భద్రంగా అటకెక్కించాం.

తర్వాత అటూ ఇటూ ఒకే రాష్ట్రమన్నారు.
పెట్టె కోసం ఎవరూ రాలేదు.
మళ్లీ రెండన్నారు.
అప్పుడూ రాలేదు.
అంగుళం కదలకుండా
ఆ రాళ్లు పరాయివై, మనవై,
ఇంకోసారి పరాయివయ్యాయి.

పోయిన నెల ఇల్లు అమ్మేశాం.
సెల్‌ఫోన్ల షోరూము వస్తుందట.
అటక మీంచి పెట్టె దించి మూత తీస్తే
మట్టి.
చెదలు వరస తప్పకుండా చదువుకుంటూ పోయాయి
మొదటి రాతి నుంచి చివరి రాతి దాకా.

అలమర అట్టడుగు అరలో మాత్రం
పాత జాడీ జరిపితే
నూనె పీల్చి, ఉప్పు పట్టి, ఆవఘాటెక్కి
తోలులా బిగిసిన ఒక ముక్క.
దాన్ని చెద ముట్టలేదు.
దాచింది పోయి
నేను పాడు చేసింది మిగిలింది.

మనవరాలు ఫోను వెలుగు పట్టింది.
జాడీ అడుగంత గుండ్రం, చుట్టూ ఎర్రటి అంచు.
ఇరవై అక్షరాలతో కూడబలుక్కున్నాను,
తెలియనిచోట ఊహ అతికించి.
పై వరస: చెఱువు వెనుక.
దాని కింద: ఒడ్డవారికి.
మధ్యలో నూనె మరక. తర్వాత
ఈ ధర్మువు చెఱిచినవాఁడు

చెరిచినవాడు ఏమైపోతాడో
గుండ్రం బయట ఉండిపోయింది.

"ఏంటి నానమ్మా, అయిపోయిందా?" అంది పిల్ల.
చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.
గోళ్ల సందుల్లో
ఇంకా ఆవపిండి ఘాటు.